మేనేజరు పోస్టు

జీతమట. నెలనెలా జీతమట. పొద్దుటినుంచీ రమ్య చెవుల్లో ఆ ఒక్క మాటే తిరుగుతోంది. లిఫ్టులోకి వచ్చి, తమ ఇల్లున్న మూడో అంతస్తు నొక్కింది, వెనకే చేతికర్ర పట్టుకుని ఎక్కిన ముసలామెను ఎక్కడికని అడిగితే "కండ్ల దవఖాన" అంది, ఆమె కోసం రెండు కూడా నొక్కింది. లిఫ్టు మూలిగి కదిలింది. ఒకటో అంతస్తు దాటిందో లేదో లైటు పోయింది, ఫ్యాను ఆగింది, కాళ్ల కింద ఒక కుదుపు, ఆ తర్వాత చలనం లేదు. మే నెల మధ్యాహ్నం జగిత్యాలలో కరెంటు పోవడం వింతేమీ కాదు. పోయినప్పుడు లిఫ్టును దగ్గరి అంతస్తుదాకా చేర్చి తలుపు తెరిచే బ్యాటరీ ఒకటి ఉంటుంది. అది పని చేయాలి. చేయలేదు. ఎందుకు చేయలేదో ఈ భవనం మొత్తంలో రమ్య ఒక్కదానికే తెలుసు. అది చచ్చిపోయిందని, కొత్తది వేయించాలని శివరాత్రికి ముందే సంజయ్ అన్నకు చెప్పింది. బాపు, తమ తండ్రి, పోయినప్పటినుంచి కిరాయిలు జమయ్యే బ్యాంకు ఖాతా అన్న చేతిలో ఉంది, ఆయన సరేననాలి. హైదరాబాదునుంచి ఆయన ఏమన్నాడు? "లిఫ్టు నడుస్తుంది గద. చూద్దాం తీ." చూద్దామట. ఇదిగో చూడు, కండ్లారా చూడు. ఆమెకు భయం వేయలేదు. భయానికి లోపల చోటు లేదు, పొద్దుటినుంచీ అంతా కోపమే ఆక్రమించుకుని కూర్చుంది, కిరాయి ఇవ్వకుండా ఖాళీ చేయకుండా కూర్చునే మనిషిలాగా.

"ఏమైంది బిడ్డా? ఆగిందేంది?" ముసలామె చీకట్లో తడుముకుంటూ రమ్య మోచేయి పట్టుకుంది. "కరెంటు పోయిందవ్వా. అస్తది, జర ఓపిక పట్టు." వస్తుందని తనకు నమ్మకమేమీ లేదు. ఎండాకాలంలో ఒకసారి పోతే ఎప్పుడొస్తుందో కరెంటాఫీసువాళ్లకే తెలియదు. రెండో అంతస్తు దవాఖానకు సొంత జనరేటరుంది, పైన మోగుతున్న గురగుర అదే, కానీ అది వాళ్ల మిషన్లకే సరిపోతుంది, లిఫ్టు అందరి మీటరు మీద నడుస్తుంది. అందరిదీ అన్నది ఎప్పుడూ ఇంతే, ఎవరిదీ కాదు. ఫోను లైటు వేసింది. ముసలామె ముఖం మీద చెమట, ఎడమ కంటికి నల్లటి అద్దం, చంకలో గుడ్డసంచి. పేరు మొగిలవ్వ అని, మల్యాలనుంచి పొద్దున బస్సుకు వచ్చిందని, పోయిన నెల ఆపరేషనైన కన్ను ఈరోజు డాక్టరు చూస్తానన్నాడని అడగకుండానే చెప్పింది. చెబుతూ చెబుతూ చేతికర్రతో తలుపును దబదబా బాదింది.

తనూ ఆ దారినే వచ్చింది పొద్దున. సిరిసిల్లలో తమ షెడ్డు రేకు లేచిపోయి కుట్టుమిషన్ల మీద ఎండ పడుతోందని అక్కడి ఆడవాళ్లు నిన్న ఫోను చేస్తే తెల్లవారగానే బయల్దేరి పోయి, రేకు వేసేవాణ్ని పిలిపించి, వాడు నిచ్చెన ఎక్కేదాకా నిలబడి తిరుగు బస్సెక్కింది. వేములవాడలో బస్సు మారి, గుడికొచ్చిన జనం మధ్య ఎలాగో సీటు పట్టుకుని కూర్చుంటే, కొండగట్టు గుట్ట కనిపించే మలుపులో ఫోను మోగింది. అన్న. గొంతులో ఒక పండుగ. "రమ్యా, మంచి ముచ్చట చెప్తున్న ఇను. ఆడిటర్ సార్‌ను తీసుకొని ఇంటికచ్చిన. ప్రాపర్టీలన్ని ఒక కంపెనీల పెడుతున్నం. బ్యాంకోళ్లు ఒక్క పేరు మీదుంటేనే లోన్ ఇస్తరట, అందుకని అమ్మ వాట, నీ వాట నా పేరున రిలీజ్ చేస్తే అయిపోతది. మధ్యాహ్నం రిజిస్ట్రేషన్‌కు స్లాట్ బుక్ చేసిన. నీకేం ఫికర్ లేదు. నిన్ను మేనేజర్‌గ పెడుతున్న. నెలనెల జీతం. పీఎఫ్ సుత." బస్సు హారను, పక్క సీటులో పిల్లవాడి ఏడుపు, కిటికీలోంచి వేడి గాలి. "ఇంటికచ్చినంక మాట్లాడుత" అని మాత్రం అంది. పీఎఫ్ సుత. ఆ 'సుత' అన్నప్పుడు ఆయన గొంతులో ఎంత దయ! ఇంట్లో పనిమనిషికి పాత చీర ఇస్తూ, జాకెట్టు ముక్క కూడా ఉందని చెప్పేటప్పటి దయ.

మేనేజరు. బాపు, అంటే కరుణాకర్ రావు, ఊళ్లో పొలాలు అమ్మి ఈ కాంప్లెక్స్ కట్టినప్పుడు అంతస్తుకు రెండేసి పెద్ద హాళ్లు వేయించాడు. పెద్ద బట్టల షోరూం వస్తుందని, బ్యాంకు వస్తుందని ఆశ. ఏదీ రాలేదు. పావురాలొచ్చాయి. అంతలో ఆయనకు పక్షవాతం. అదే ఏడాది రమ్య కరీంనగర్ కాపురం వదిలి వచ్చేసింది. ఎందుకొచ్చిందో ఊరంతా ఊహించుకుంది కానీ ఎవరూ అడగలేదు, అమ్మ కూడా అడగలేదు, "వచ్చినవా" అని ఒక్క మాట అని మంచినీళ్ల చెంబు అందించింది. మంచంలో ఉన్న బాపు, ఖాళీ హాళ్లు, హైదరాబాదులో వ్యాపారమని పెట్టి నెలకోసారి ఫోనులో పలికే అన్న. ఆ ఎండాకాలం రమ్య ఒక సుద్దముక్క తీసుకుని కింది హాలులోకి పోయి నేల మీద గీతలు గీసింది. రోడ్డువైపు ఎవరికి ఎంత ముఖం కావాలి, ఎవరికి లోతు కావాలి, షట్టరు ఎక్కడ దిగాలి. పెద్ద హాలు ఒక్కరికిస్తే వాడు పోయిన రోజు మొత్తం ఖాళీ, చిన్నచిన్న దుకాణాలైతే ఒకటి ఖాళీ అయినా మిగతావి ఇల్లు నడుపుతాయి. ఈ సంగతి ఆమెకు ఎవరూ నేర్పలేదు. పావురాల రెట్ట కడుగుతూ తానే అనుకుంది. రెండో అంతస్తు కోసం కరీంనగర్‌లో కండ్ల డాక్టరు ఇంటి ముందు ఎన్నిసార్లు కూర్చుందో. మొదటి రెండేళ్లు కిరాయి సగమే ఇవ్వండి సార్, రండి చాలు అంది. అన్న అప్పుడు నవ్వాడు, "సగం కిరాయికి ఇచ్చుడేంది, పిచ్చా" అన్నాడు. దవాఖాన వచ్చాక కింద మందుల షాపు వచ్చింది, అద్దాల షాపు వచ్చింది, రోగుల వెంట వచ్చిన చుట్టాలు కూర్చుని తినడానికి టిఫిన్ సెంటర్ వచ్చింది. పై అంతస్తు నింపితేనే కింది అంతస్తు బతుకుతుంది. బతికింది. ఆ తర్వాత అన్న జగిత్యాలకు వచ్చినప్పుడల్లా స్నేహితులను తీసుకొచ్చి రోడ్డుకు అవతల నిలబడి చూపిస్తాడు, "మాదే, మొత్తం ఫుల్" అంటాడు. ఆయన వేలు చాచే తీరు ఆమెకు ఇప్పుడు ఈ చీకట్లో కూడా కనిపిస్తోంది.

"నీళ్లున్నయా బిడ్డా?" సీసా ఇచ్చింది. మొగిలవ్వ గటగటా తాగి, మూతి తుడుచుకుని, ఎవరినో ఒకరిని తిట్టకపోతే ఊపిరాడదన్నట్టు మొదలుపెట్టింది. "గీ బిల్డింగు కట్టినోని చేతులిరగ. కిరాయిలు గుంజుడు ఎరుకే గని, గింత లిఫ్టు బాగ జేపియ్యరాదు? ఎవనిది బిడ్డా గిది?" రమ్యకు నవ్వు రాబోయి ఆగింది. "మాదే అవ్వా." "మీదంటే?" "మా అమ్మది, మా అన్నది, నాది." "ముగ్గురోనర్లుండి సుత గిట్లనా?" అంది మొగిలవ్వ, తిట్టినందుకు ఏమాత్రం నొచ్చుకోకుండా. రమ్య నోట్లోంచి వచ్చిన ఆ 'నాది' అన్న మాట మాత్రం లిఫ్టులోనే ఉండిపోయింది. ఇంతకుముందు ఎప్పుడన్నా అన్నదా ఆ మాట? కిరాయిదార్లు అడిగితే "మా బాపును అడిగి చెప్త" అనేది. బాపు పోయాక "మా అన్నను అడిగి చెప్త". బేరంలో అది పనికొచ్చే మాట, ఎవరూ మొఖం మీద గట్టిగా అడగలేరు, రెండు రోజులు గడువు దొరుకుతుంది. తెలివని అనుకుంది. చెప్పగా చెప్పగా అందరూ అదే నిజమనుకున్నారు, అన్న కూడా అనుకున్నాడు, బహుశా తను కూడా.

ఫోను తీసి సాయినాథ్‌కు కలిపింది. సాయినాథ్ మొన్నటిదాకా ఇక్కడ వాచ్‌మన్, కరెంటు పనీ, నీళ్ల మోటారు పనీ, లిఫ్టు ఆగితే దించే పనీ అన్నీ అతనివే. పోయిన నెల అన్న ఫోనులోనే మానిపించాడు, కెమెరాలు పెట్టిద్దాం మనిషెందుకని. "అక్కా, నేను కోరుట్లల ఫంక్షన్ హాల్ల పనికి కుదిరిన. ఇయ్యాల పెండ్లున్నది, ఇడిసిపెట్టి వస్తే ఊకోరు. పైన మిషన్ రూంల చక్రం తిప్పాలె, మీరు చూసిండ్రు గద. ఎవరినన్న పంపుండ్రి, ఫోన్ల చెప్త." అతని వెనక బ్యాండు మోగుతోంది. చెప్పే పని లేదు, ఆమెకు తెలుసు, అతను తిప్పుతుంటే పక్కన నిలబడి ఎన్నిసార్లు చూసింది. కోరుట్ల. అక్కడ తమకొక గోదాముంది. ఆ గోదాము పసుపు, మక్కజొన్నల వ్యాపారికి ఇచ్చినప్పుడు వాడు పంట వచ్చిన నెలలకే కిరాయి కడతానన్నాడు, ఏడాది పొడవునా కడితేనే తాళం ఇస్తానంది, ఒప్పుకున్నాడు, తర్వాత ఎగ్గొట్టాడు, ఖాళీ చేయమంటే నీతో ఏంది, మీ అన్నను రమ్మను అన్నాడు. అన్న రాలేదు. రమ్య ఒక కుర్చీ తీసుకుపోయి గోదాము వాకిట్లో పొద్దంతా కూర్చుంది. లారీవాళ్లు చూశారు, హమాలీలు చూశారు, దారిన పోయేవాళ్లు ఆగి మరీ చూశారు. సాయంత్రానికి బస్తాలు కదిలాయి. ఇంటికి వచ్చేసరికి అన్న ఫోను, "ఆడపిల్లవు, గట్ల పోయి కూసునుడేంది? మన ఇంటి పేరు పోదా?" ఇంటి పేరు! గోదాము ఖాళీ అయిందా అని అడగలేదు. ఇంకొకరికి ఇచ్చాక మాత్రం ఆ కిరాయి ఖాతాలో పడిందా అని అడిగాడు. ఆ రోజే అనాల్సింది. అనలేదు. అన్నీ మింగింది. మింగిన ప్రతిదీ ఇప్పుడు ఈ పెట్టెలో ఒక్కసారిగా పైకి తన్నుకొస్తోంది, గాలి ఆడటం లేదు, జాకెట్టు వీపుకు అతుక్కుపోయింది.

అన్నకు ఫోను చేసింది. "ఎక్కడున్నవ్? అందరం కూసున్నం" అన్నాడు ముందే. చెప్పింది. ఆయన కంగారుపడి లిఫ్టు కంపెనీవాళ్లకు ఫోను చేస్తానని పెట్టేశాడు. మళ్లీ చేశాడు, మెకానిక్ కరీంనగర్‌నుంచి రావాలట, రెండు గంటలన్నా పడుతుందట. "రెండు గంటలు ఆగుతవా?" అని అడిగాడు. పిండి గిర్నీ దగ్గర వరసలో ఆగుతావా అని అడిగినట్టు. ఆగగలిగేదే. ఆగడం తనకు అలవాటే. కానీ ఫోను లైటులో మొగిలవ్వ గోడకు జారగిలబడి నేల మీద కూర్చుంది, చేతులు వణుకుతున్నాయి. "షుగరున్నది బిడ్డా. దవఖానల రకతం తీస్తరేమోనని పొద్దటిసంది ఏం తినలే" అంది, ఇందాకటి గొంతు కాదు. రమ్య సంచిలో వేములవాడ బస్టాండులో కొన్న అరటిపండ్లున్నాయి. ఒకటి ఒలిచి ముక్కలు చేసి నోటికి అందించింది. ముసలామె నమలలేక నమలలేక మింగింది, చల్లటి చెమట చేయి రమ్య మణికట్టు చుట్టూ బిగుసుకుంది. ఈమెకు ఏమన్నా అయితే? తన భవనంలో, తన లిఫ్టులో. అవును, తనదే. జీతం తీసుకునే మనిషైతే రాజీనామా రాసిచ్చి పోవచ్చు.

మళ్లీ ఫోను మోగింది. ఈసారి అమ్మ. సునంద గొంతు ఎప్పుడూ మెత్తగా ఉంటుంది, గట్టిగా మాట్లాడటం దొరల ఇండ్లలో ఆడవాళ్లకు మర్యాద కాదని నేర్చుకుని ఆమె పెరిగింది. "బిడ్డా, భయపడకు. అన్న చూసుకుంటడు." అన్న చూసుకుంటాడు! పెండ్లిండ్లలో, పేరంటాలలో అమ్మ నోట వినీ వినీ అరిగిపోయిన మాట, "మా సంజయ్ ఉన్నడు, బిల్డింగులన్ని వాడే చూసుకుంటడు", పక్కనే రమ్య నిలబడి ఉండగా, చేతిలో కిరాయిదారు ఫోను మోగుతుండగా. రమ్య పళ్లు బిగించింది. "ఊఁ" అంది. "నేనైతే పెట్టిన సంతకం. మంచి గడియ దాటుతదని ఆడిటర్ తొందర పెట్టిండు. నువ్వొక్కదానివే మిగిలినవ్. బయటికి రాంగనే పెట్టు తల్లీ, దాని తర్వాత తిందువు." చెవి దగ్గరినుంచి ఫోను తీసి చూసింది, ఎదురుగా అమ్మ ముఖమేమన్నా కనబడుతుందేమోనన్నట్టు. పెట్టేసింది. తను నాలుగ్గోడల మధ్య గాలి లేకుండా వేలాడుతుంటే, పై అంతస్తులో గడియ దాటిపోతుందని అమ్మ సంతకం పెట్టేసింది. బాపు పడుకున్న మంచం పక్క తనూ అమ్మా వంతులేసుకుని మేల్కొన్న రోజులు, అమ్మ మోకాళ్లకు నూనె రాసిన సాయంత్రాలు, అమ్మ మెట్లు ఎక్కలేకపోతోందని పట్టుబట్టి, బతిమాలి, అన్నతో పోట్లాడి వేయించిన ఈ లిఫ్టు. ఈ లిఫ్టు అమ్మ కోసం వేయించిందే. కండ్లలో నీళ్లొచ్చాయి, అవి ఏడుపు నీళ్లని ఎవరన్నా అంటే వాళ్లనూ తిట్టేది.

ఏడ్చే తీరిక లేదు. మొగిలవ్వ శ్వాస బరువుగా వినిపిస్తోంది. రమ్య అన్నకు ఫోను కలిపి, పలకరింపు లేకుండా, ఇన్నేళ్లలో ఎన్నడూ వాడని గొంతుతో మాట్లాడింది. "డాబా మీదికి పో. మిషన్ రూం తలుపు ఎనక తాళంచెవి వేలాడుతది, మూడు మూలలది, అది దుర్గవ్వకు ఇచ్చి రెండో అంతస్తుల నిలవెట్టు." దుర్గవ్వ దవాఖానలో ఊడ్చే మనిషి, ఆమెకు తలుపు తెరవడం తెలుసు. "ఆడిటర్ను సుత నీ ఎంట తీస్కపో. మెయిన్ స్విచ్ బంజెయ్యి. మొదలు గదే. నడుమ కరెంటొస్తే నీ చెయ్యి పోతది." అన్న ఆయాసం వినిపించింది, మెట్లెక్కుతున్నాడు. "ఈడ మస్తు వేడున్నది రమ్యా." "ఈడ సుత ఉన్నది." "చక్రం కనవడ్డది. దీన్ని తిప్పాల్నా?" "ఊకె తిప్పితే తిరగది. బ్రేకుకు ఇనుప రాడున్నది, అది ఒకలు లేపి పట్టాలె, ఇంకొకలు తిప్పాలె. పైకి తిప్పు. ఇద్దరమే ఉన్నం, అవతలి బరువు ఎక్కువ, పైకే తేలికగ వస్తది. మెల్లగ. నేను ఆపుమంటే ఆపాలె." "నూనె ఉన్నదే మొత్తం, చేతులకంటుకుంటుంది." అంటుకోనీ. ఆ నూనె ఏమిటో, ఎప్పుడు పోయాలో, పోయకపోతే ఏమవుతుందో ఆ చేతులకు ఒక్కసారైనా తెలియనీ.

పెట్టె కదిలింది. కదిలిందా అన్నంత మెల్లగా, పైన ఎక్కడో ఇనుము మూలిగింది, మొగిలవ్వ "అవ్వో" అని రమ్య కాళ్లను చుట్టేసింది. అన్న తిప్పుతున్నాడు. తన మాట ప్రకారం తిప్పుతున్నాడు. ఆ సంగతి రమ్య ఒంట్లో విచిత్రంగా పాకింది, సంతోషం అనలేం, అది కూడా కోపమే కానీ ఇప్పుడు దానికి ఒక దిక్కు దొరికింది. పొద్దుటినుంచీ ఈ కోపం జీతమన్న మాట చుట్టూ, అమ్మ సంతకం చుట్టూ, గోదాము వాకిట్లో కుర్చీ చుట్టూ గానుగెద్దులా తిరిగింది. ఇప్పుడది నిలబడి ముందుకు చూస్తోంది. నేనేం కావాలని అడగాలి? న్యాయం అని అడిగితే అన్న నవ్వుతాడు, అమ్మ ఏడుస్తుంది. నా కష్టం అంటే, జీతం ఇస్తున్నం గద అంటారు. నా వాటా అంటే, ఏది నీ వాటా అంటారు, ఆడిటరు పెన్ను తీసి ఇల్లున్న పై అంతస్తు రాస్తాడు, కిరాయి రాని, ఎండకు కాగి వానకు కారే అంతస్తు. ఏది బతికున్నదో ఏది చచ్చినదో వాళ్లకు తెలియదు కానీ, తనకు ఏది ఇవ్వొచ్చో మాత్రం వాళ్లకు తెలుస్తుంది. సిరిసిల్లలో మగ్గాలు ఆగిపోయి షెడ్డు ఖాళీ అయినప్పుడు అమ్మేద్దామన్నాడు అన్న. తను నడుమ గోడ పెట్టించింది, ఒక సగం బడిపిల్లల యూనిఫాంలు కుట్టే ఆడవాళ్లకు, ఒక సగం నూలు నిల్వకు, ఒకరి పని పడుకున్న కాలంలో ఇంకొకరి పని లేస్తుంది. ఆ గోడ సంగతి అన్నకు తెలుసా? తెలియదు. "ఇంకొంచెం! ఇంకొంచెం!" తలుపు అవతల దుర్గవ్వ అరుస్తోంది. "ఆపుమను అక్కా, అచ్చింది!" "ఆపు" అంది రమ్య ఫోనులో. ఆగింది.

తలుపు చీలి వెలుతురు కత్తిలా లోపలికి దిగింది. దుర్గవ్వ, ఒక నర్సు కలిసి మొగిలవ్వను లేపి చక్రాల కుర్చీలో కూర్చోబెట్టారు. రమ్య వాళ్ల వెంటే లోపలికి పోయింది. షుగరు చూశారు, పడిపోయిందన్నారు, గ్లూకోజు నీళ్లు తాగించారు. కాసేపటికి ముసలామె కళ్లు తేటపడి, "లిఫ్టు బాగ జేపియ్యి బిడ్డా, మల్ల నెలకు రావాలె" అని గట్టిగా చెప్పింది. "చేపిస్త అవ్వా." ఫోను సంచిలో మోగుతూనే ఉంది. తీయలేదు. మొగిలవ్వను డాక్టరు గదిలోకి పంపి, ముఖం కడుక్కుని, అప్పుడు మెట్లెక్కింది.

ముందుగదిలో అన్న సోఫా అంచున కూర్చుని ఉన్నాడు, తెల్ల చొక్కా మీద నల్లటి నూనె మరకలు, అరచేతులు ఎక్కడ పెట్టాలో తెలియక మోకాళ్లకు దూరంగా పట్టుకున్నాడు. ఆడిటరు టై వదులు చేసుకుని ఫ్యాను వైపు చూస్తున్నాడు, కరెంటు అప్పుడే వచ్చింది. అమ్మ లేచి ఎదురొచ్చింది. "సల్లగున్నవా తల్లీ?" "ఉన్న." "సంతకం పెట్టి..." "పెట్ట." సంజయ్ తల ఎత్తాడు. "పెట్టవా? జీతం తక్కువయితే చెప్పు, మాట్లాడుకుందాం. నేనేమన్న పరాయోన్నా?" ఆమెకు గొంతు పెంచాలనిపించింది, పెంచలేదు. పెంచితే రేపు మాటల్లో గొంతే మిగులుతుంది, మాట మిగలదు. "నా వాట నాకు కావాలె అన్నా. కంపెనీల వద్దు, విడిగ." "గట్ల ముక్కలు చేస్తే బ్యాంకోడు లోన్ ఇయ్యడు. నా బిజినెస్ మునుగుతది, తెలుసా?" "తెల్వదు. నువ్వు చెప్పలే." అమ్మ చేయి పట్టుకుంది. "గట్లడుగుతరా అన్నను? నేను పెట్టకపోతే రేపు వాడు నన్ను చూడడు బిడ్డా." ఆ మాట అమ్మ నోట్లోంచి అంత తేలికగా, అంత నిజంగా వచ్చింది. సంజయ్ చూపు తిప్పుకున్నాడు. "ఇన్నేండ్లు నిన్ను చూసిందెవలమ్మా?" అంది రమ్య. అమ్మ చేయి జారిపోయింది.

"బాపు, చిన్నబాపు పొలం ఎట్ల పంచుకున్నరో అమ్మకు ఎరుకే" అంది రమ్య, నిలబడే. "పెద్దోడు పంచాలె, చిన్నోడు ముందుగాల ఏరుకోవాలె. పెద్దోడివి నువ్వే. జగిత్యాలది, కోరుట్లది, సిరిసిల్లది కలిపి మూడు వాటాలు చెయ్యి. నీకు నచ్చినట్టు చెయ్యి, నేను అడ్డం రాను. మొదలు ఒకటి నేను ఏరుకుంట. మిగిలిన రెండు, నీది, అమ్మది, నీ దగ్గర్నే ఉంటయి." ఆడిటరు మొదటిసారి ఆమె వైపు సరిగ్గా చూశాడు. "అది న్యాయమే సంజయ్ గారూ" అన్నాడు, అనేశాక అనకూడదేమోనని కళ్లద్దాలు సర్దుకున్నాడు. అన్న ముఖం వెలిగింది, ఇంతేనా అన్నట్టు. పెన్ను అందుకున్నాడు, నూనె చేత్తోనే. ఒక కాగితం మీద మూడు గీతలు గీశాడు. మొదటి గీత కింద జగిత్యాల అని రాయబోయి ఆగాడు. మొత్తం కాంప్లెక్స్ ఒక వాటా అయితే ఆమె దాన్నే ఏరుకుంటుంది, ఆ సంగతి ఆయనకు అప్పుడే తట్టింది. అంతస్తులు విడగొట్టాలి. ఏ అంతస్తు దేనికి సమానం? కింది వరసకు కోరుట్ల గోదాము సరితూగుతుందా? దవాఖాన ఇంకెన్నాళ్లు ఉంటుంది? పెన్ను గాలిలో నిలబడింది. ఆయన ఆడిటరును చూశాడు. ఆడిటరు రమ్యను చూశాడు. గోడ మీద గడియారం కొట్టింది, రిజిస్ట్రేషన్ ఆఫీసులో వీళ్ల వంతు వచ్చి పోయింది, ఎవరూ లేవలేదు.

"ఏది ఎంత పలుకుతదో నాకేం తెలుసు?" అన్నాడు సంజయ్. అని, తన మాట తానే విన్నాడు. చెవుల దాకా ఎర్రబడ్డాడు.

"తెలుసుకో. తొందర లేదు. పొద్దున కోరుట్లకు, సిరిసిల్లకు బస్సులుంటయి."

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కిటికీ దగ్గరికి పోయింది. కింద మందుల షాపు ముందు ఎవరో హారను కొడుతున్నారు. అన్న కాగితాన్ని ఒకసారి తిప్పి, ఇంకోసారి తిప్పి, ఆడిటరుకు వినబడకుండా ఉండాలన్నట్టు గొంతు తగ్గించి అడిగాడు.

"ఇంతకు సిరిసిల్లల మన షెడ్డు ఏ గల్లీల ఉంటది?"

రమ్య ఫోను తీసి, కొత్త బ్యాటరీ కోసం లిఫ్టు కంపెనీవాళ్లకు కలిపింది.